గ్రాఫులో తెరుచుకున్న కిటికీ

ఒక జనవరి నెలలో, బయట మంచు రాయిలా గట్టిపడి ఉన్న రోజుల్లో, ఒక విద్యార్థినిని నా ఇంట్లోంచి ఖాళీ చేయించాను. ఆమె అబద్ధమాడుతున్నదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ పంపాను. ఆమె అబద్ధమాడలేదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆమె వెళ్లిపోయి మూడు వారాలైంది. అది ఎలా జరిగిందో వరసగా రాస్తాను. ప్రతి అడుగుకూ నా దగ్గర రాతపూర్వకమైన ఆధారం ఉంది. ఆ ఆధారాలను నమ్ముకునే ఆ అమ్మాయిని బయటికి పంపాను కాబట్టి, వాటిని గురించి గొప్పగా చెప్పుకునే హక్కు మాత్రం నాకు లేదు.

సస్కటూన్ దగ్గరి పొటాష్ మిల్లులో ముప్పై ఏళ్ల పాటు కొలత పరికరాల ఇంజనీరుగా పనిచేశాను. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, గొట్టంలో ప్రవాహం ఎంత అని చెప్పే పరికరాలు నిజమే చెబుతున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. పనివాళ్లెవరైనా వచ్చి డ్రయ్యరు మరీ వేడెక్కినట్టు అనిపిస్తోందని అంటే, అనిపించడం సంగతి తరవాత, ముందు ఎంత ఉందో చెప్పమనేవాణ్ణి. ఆ మాటను నా వెనక అనుకరించి నవ్వుకునేవారని తెలుసు. నేను పట్టించుకోలేదు. రిటైరైన తరవాత కొలవడానికి మరేమీ మిగలక, ఇంటిని కొలవడం మొదలుపెట్టాను.

కిచెనర్‌లో రెండో ఇల్లు కొన్నది మనవరాలి కోసం. మా అమ్మాయి అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేది. బిడ్డ పుట్టాక, ఏడాదిలో సగం రోజులైనా దగ్గర ఉండమని అడిగింది. రెండేళ్లు వేసవుల్లో వెళ్లి ఉన్నాం. మూడో ఏట ఆమె ఉద్యోగం వాంకూవర్‌కు మారింది. మనవరాలు వెళ్లిపోయింది, ఇల్లు మాత్రం అక్కడే ఉండిపోయింది. అది అమ్మే సమయం కాదని అందరూ అన్నారు. అందుచేత వేసవి నాలుగు నెలలు మేం కిచెనర్‌లోనూ, మిగతా ఎనిమిది నెలలు సస్కటూన్‌లోనూ ఉండేట్టు ఏర్పాటు చేసుకున్నాం.

మనుషులు లేని ఇంటిని శీతాకాలమంతా వెచ్చబెట్టడం నా స్వభావానికి సరిపడని పని. అలాగని బేస్‌మెంట్‌లో గ్యాసుతో నడిచే ఫర్నేస్ ఆపేస్తే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. అమ్మాయి వెళ్లిన మొదటి శీతాకాలం పదిహేను డిగ్రీల దగ్గర పెట్టి, తాళం వేసి వెళ్లాం. వెళ్లేముందు కిటికీలన్నిటికీ పల్చటి ప్లాస్టిక్ తొడుగు బిగించాను. తలుపుల కింది సందులు రబ్బరు పట్టీలతో మూశాను. గదిలో వేడి చూసుకుని ఫర్నేస్‌ను నడిపించే, ఆపే పాత థర్మోస్టాట్‌ను గోడ మీంచి తీసేసి, ఫోనులో చూసుకోగలిగే రకం పెట్టాను. మూడు వేల కిలోమీటర్ల దూరంలో కూర్చుని, ఆ ఇంట్లో వేడి ఏ నిమిషానికి ఎంత ఉందో గీత రూపంలో చూడవచ్చు. ఒక నోటుపుస్తకంలో ఐదు గడులు గీశాను: తేదీ, బయటి చలి, లోపలి వేడి, గ్యాస్ మీటరు అంకె, వ్యాఖ్య.

"పెళ్లిచూపుల రోజున మీరు నన్నేం చూశారో నాకు అనుమానమే," అనేది మా ఆవిడ. "గదిలో టెంపరేచర్ చూసుకుని వెళ్లిపోయుంటారు."

ఇక్కడ ఆ ఇంటి హాలు గురించి ఒక మాట చెప్పాలి. గృహప్రవేశం జూన్ నెలలో చేశాం. దేవుడి అర ఈశాన్యంలోనే ఉండాలని మా ఆవిడ పట్టుబట్టింది. హాలుకు ఈశాన్యాన ఖాళీగా ఉన్నది మెట్ల పక్క గోడ ఒక్కటే. థర్మోస్టాట్ కూడా ఆ గోడ మీదే ఉంది. దానికి మూరెడు కింద, మట్టం పెట్టి చూసి, నేనే స్వయంగా చెక్క అర బిగించాను. పటాలు పెట్టి, ఇత్తడి కుంది వెలిగించి, కొబ్బరికాయ కొట్టాం. మేం ఆ ఇంట్లో ఉన్నవన్నీ వేసవి నెలలే. ఫర్నేస్ నడుస్తుండగా ఆ దీపం వెలగడం మేమెప్పుడూ చూడలేదు.

ఆ ఏళ్లలో కిచెనర్ నిండా విద్యార్థులే. ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. కాలేజీలు చేర్చుకున్నంత మందిని చేర్చుకున్నాయి. వాళ్లు ఎక్కడ పడుకుంటారన్నది ఎవరి బాధ్యతా కాలేదు. మాకు తెలిసిన ఒక పెద్దమనిషి, మనవాడే, తన బేస్‌మెంట్‌ను దుప్పట్లు అడ్డం కట్టి మూడు భాగాలు చేసి తొమ్మిది మందిని పెట్టాడు. ఫర్నేస్ పెంచకుండా థర్మోస్టాట్ చుట్టూ తాళం వేసిన పెట్టె బిగించాడు. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఇలాంటి వాళ్ల మీద ఫిర్యాదు చేయాలని ఒక ఉత్తరం కూడా రాశాను. దాని నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అది చదువుకోవడం ఇప్పుడు కష్టంగా ఉంటుంది.

"ఉత్తరాలు రాసే బదులు, మన మేడ మీద రెండు గదులు ఊరికే ఉన్నాయి కదండీ," అంది మా ఆవిడ.

అలా ఆగస్టు చివర ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒక అమ్మాయిది కరీంనగర్ వైపు. ఫుడ్ ప్రాసెసింగ్ చదువుతూ, శని ఆదివారాలు ఒక బేకరీలో పనిచేసేది. రెండో అమ్మాయిది ప్రకాశం జిల్లా. ఆదివారాలు చర్చికి వెళ్లే పిల్ల. ఇద్దరూ ఒకే కాలేజీ. హీటింగు ఖర్చు అద్దెలోనే కలిసి ఉంటుందని, అందుకు బదులుగా నా నిబంధనలు పాటించాలని చెప్పి, టైపు చేసిన కాగితం ఇచ్చాను.

కరీంనగర్ అమ్మాయి నిబంధనలు లెక్కపెట్టింది. "పద్నాలుగున్నయి అంకుల్. మా హాస్టల్ల కూడా ఇన్ని లెవ్వు."

"ఎగ్జామ్ ఏమన్నా పెడతారా అంకుల్?" అని అడిగింది రెండో అమ్మాయి.

"పెడతారు తల్లీ," అంది మా ఆవిడ. "నలభై ఏళ్లుగా నేను రాస్తూనే ఉన్నాను. ఇంకా రిజల్ట్ చెప్పలేదు."

తరవాత ఆమె కరీంనగర్ అమ్మాయిని దేవుడి అర దగ్గరకు తీసుకువెళ్లింది. ఇల్లు దీపం లేకుండా ఉండడం తనకు ఇష్టం లేదని, పొద్దున స్నానం చేశాక ఒకసారి, సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఒకసారి వెలిగించమని చెప్పింది. ఆ అమ్మాయి సంతోషంగా ఒప్పుకుంది. "మా ఇంట్ల నేనే పెడుతుంటి ఆంటీ," అంది. దీపం ముట్టించి వదిలి బయటికి వెళ్లకూడదని నేను హెచ్చరించాను. టైపు చేసిన కాగితం అడుగున, పదిహేనవ నిబంధనగా, ఆ దీపం సంగతి నా చేత్తోనే రాశాను.

ప్రతి ఆదివారం గ్యాస్ మీటరు ఫొటో తీసి పంపడం ఆమె బాధ్యత. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా ఇరవై ఒక్క డిగ్రీలు ఉండేట్టు థర్మోస్టాట్‌కు చెప్పిపెట్టాను. అమ్మాయిలు బయట ఉండే పగటివేళ పదిహేడు, పడుకున్నాక పద్దెనిమిది. ఇందులో లోభమేమీ లేదు. మేం ఉన్నా అంతే పెట్టుకునేవాళ్లం. థర్మోస్టాట్ మార్చే అధికారం మాత్రం నా ఫోనుకే ఉంచుకున్నాను.

నవంబరు మొదట్లో గీత వింతగా మారింది. సాయంత్రం ఐదు దాటగానే, ఫర్నేస్ నడవకుండానే, లోపలి వేడి ఇరవై మూడుకు ఎగబాకుతోంది. వంట చేస్తున్నారని అనుకున్నాను. తొమ్మిదిన్నర దాకా ఆ గీత అలాగే నిలిచి, అక్కడినుంచి పావుగంటలో పదిహేనుకు పడిపోతోంది. ఆ తరవాత ఫర్నేస్ గంటల తరబడి నడుస్తోంది. నా అనుభవంలో ఒక ఇంటి వేడి అంత నిట్టనిలువుగా పడడానికి ఒకటే కారణం. ఎవరో కిటికీ బార్లా తెరుస్తున్నారు. వంట వాసన పోవడానికో, ఫోనులో మాట్లాడుకోవడానికో, నేను బిగించిన ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి మరీ తెరుస్తున్నారు. వ్యాఖ్య గడిలో "కిటికీ" అని రాశాను. మర్నాడూ రాశాను. నెలలో నాలుగైదు రోజులు మాత్రం గీత సవ్యంగా ఉండేది. ఆ రోజులకు పచ్చ పెన్సిల్‌తో చుట్టు గీసి, "బుద్ధిగా ఉన్నారు" అని రాసుకున్నాను.

ఆ నెలలోనే కరీంనగర్ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. సాయంత్రం పూట ఇల్లు బాగా చల్లగా ఉంటున్నదని, కొంచెం పెంచమని అడిగింది. ఫోనులో ఇరవై మూడు కనిపిస్తోంది. దాని బొమ్మ తీసి పంపాను. కింద, సస్కటూన్‌లో ఆ రోజు మైనస్ ఇరవై ఎనిమిదని, మా ఇంట్లో మేం ఇరవైతో సరిపెట్టుకుంటున్నామని, స్వెటర్ వేసుకోవడం అలవాటు చేసుకోవాలని రాశాను. "సరే అంకుల్" అని జవాబు వచ్చింది. మరో వారానికి మా ఆవిడకు రాసింది: "దీపం పెట్టినంక ఇద్దరం ఆ గోడ దగ్గరనే కూచొని చదువుకుంటున్నం ఆంటీ. అక్కడ కొంచెం నయం." మా ఆవిడ మురిసిపోయి నాకు చదివి వినిపించింది. నేనూ సంతోషించాను. పుస్తకంలో ఎక్కించాను కూడా. పిల్లలు భక్తితో ఉంటున్నారని రాశాను.

వాళ్లు చేతులు కాచుకుంటున్నారని నాకు తోచలేదు.

డిసెంబరులో కరెంటు వాడకం పెరిగింది. గంటగంటకూ ఎంత కాలిందో కంపెనీ వెబ్‌సైటులో కనిపిస్తుంది. పెరిగింది సరిగ్గా సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా. ఆమెకు ఫోను చేసి అడిగాను.

"హీటర్ కొనుక్కున్నం అంకుల్. చిన్నదే."

"ఇరవై మూడు డిగ్రీల ఇంట్లో హీటర్ ఎందుకమ్మా?"

"ఇరవై మూడు ఉంటలేదు అంకుల్. మాకు చేతులు కొంకర్లు పోతున్నయి."

"ఎంత ఉందో కొలిచి చూశావా?"

"కొలవలేదు అంకుల్. చలైతుంది, అంతే," అంది.

ఆ సాయంత్రమే హీటర్ డబ్బాలో పెట్టించాను. చెక్క మేడ ఉన్న ఇల్లు, అంటుకుంటే ఎవరి ప్రాణానికి ఎవరు పూచీ అని మందలించాను. ఆ మందలింపులో న్యాయం ఉన్నమాట నిజమే. డబ్బాకు టేపు వేసి, ఫొటో తీసి పంపింది. చెప్పిన పని చేసినట్టు రుజువు చూపించమని నేను అడగకముందే పంపింది. అప్పుడు దాన్ని నా క్రమశిక్షణ ఫలితంగా తీసుకున్నాను.

వాంకూవర్ నుంచి మా అమ్మాయి ఒకటే మాట అంది. "డాడ్, వాళ్లు కోల్డ్ అంటే కోల్డే. ఎందుకు ఆర్గ్యూ చేస్తున్నావ్?" గ్రాఫు పంపాను. "ఐ డోంట్ నీడ్ ఎ గ్రాఫ్," అని పెట్టేసింది. నా కూతురు లెక్కల్లో నా అంత శ్రద్ధ గలది కాదని, ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకున్నాను.

జనవరి రెండో వారంలో గ్యాస్ వాడకం, ఖాళీ ఇంటి కిందటి శీతాకాలంతో పోలిస్తే రెట్టింపు దాటింది. రెండు నెలల గీతలు అచ్చువేసి ముందు పరచుకుని, ఆమెకు ఫోను చేశాను. ఆ సంభాషణ ముగిసిన వెంటనే రాసిపెట్టుకున్నాను కనుక మాటలు మారలేదు.

"రోజూ తొమ్మిదిన్నరకు కిటికీ ఎందుకు తెరుస్తున్నారు?"

"కిటికీ తెరవలేదు అంకుల్."

"ఒక్క రోజు కాదమ్మా. నలభై మూడు రోజులు నా ముందున్నాయి."

"దేవుడి మీద ఒట్టు అంకుల్. ఆ ప్లాస్టిక్ మీరు పెట్టింది పెట్టినట్టే ఉంది. వీడియో కాల్ చేయమంటరా, చూపిస్త."

"తెరిచి మళ్లీ అంటించడం పెద్ద పనేం కాదు. తప్పు చేయడం వేరు, చేయలేదనడం వేరు. నాకు రెండోదే కష్టంగా ఉంది."

అవతల రెండో అమ్మాయి గొంతు వినిపించింది: "చెప్పకే, నమ్మరు."

ఆ మాటతో నాకు కోపం తలకెక్కింది. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాను. అప్పటిదాకా నిలకడగా ఉన్న కరీంనగర్ అమ్మాయి గొంతు మారింది.

"ఏప్రిల్ దాక ఉండనియ్యండి అంకుల్. ల్యాబులు పొద్దున ఎనిమిదికి ఉంటయి. ఈ టైంల దగ్గర ఎక్కడా రూములు దొరుకుతలెవ్వు. దూరం పోతే నా సెమిస్టర్ పోతది."

వీలుకాదన్నాను. మర్నాడు నోటీసు రాశాను. ఇంధనం దుబారా చేసిందనీ, ఆధారాలు చూపించినా ఒప్పుకోకుండా అబద్ధమాడిందనీ అందులో స్పష్టంగా పేర్కొన్నాను. ఇక్కడి చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్లను అలా ఒక ఉత్తరంతో పంపించడానికి వీల్లేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

జనవరి చివరి ఆదివారం మీటరు ఫొటో వచ్చింది. దాని కింద, తాళంచెవి పొరుగింటావిడకు ఇచ్చామని ఉంది. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఇల్లు మళ్లీ ఖాళీ అయింది. కొత్తవాళ్లను చూసుకోవడానికి ఫిబ్రవరి మూడో వారంలో మేమిద్దరం కిచెనర్ వెళ్లాం. ఇల్లంతా వెతికాను. కిటికీల ప్లాస్టిక్ నేను బిగించిన మడతలతో సహా అలాగే ఉంది. మేడ మీది రెండు కిటికీలైతే మంచుకు చట్రంతో కలిసి అతుక్కుపోయి ఉన్నాయి. వాటిని ఈ శీతాకాలంలో ఎవరూ తెరవలేదని చూడగానే తెలుస్తోంది. నా పుస్తకం బయటికి తీసి పెట్టుకున్నాను.

సాయంత్రం మా ఆవిడ స్నానం చేసి దీపం పెట్టింది. నేను సోఫాలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాను. గంట గడిచేసరికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. లేచి స్వెటర్ వేసుకున్నాను. మరికాసేపటికి దాని మీద కోటు వేసుకున్నాను. ఇంట్లో కోటు వేసుకుని కూర్చున్న సంగతి నాకే విడ్డూరంగా అనిపించి ఫోను తీశాను. ఇరవై మూడు.

ముప్పై ఏళ్లు చేసిన పని అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఫోను పక్కన పెట్టి, గోడ వైపు చూశాను. ఇత్తడి కుందిలో రెండు వత్తులు నిలకడగా వెలుగుతున్నాయి. ఆ మంట నుంచి పైకి లేచే వేడిగాలి తిన్నగా థర్మోస్టాట్ పెట్టెను తాకుతోంది. గోడ మీద అక్కడ చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. రెండడుగులు పక్కకు జరిపి పెట్టాను. ఐసులా ఉంది. దీపం వెలిగినంతసేపూ ఆ పరికరం ఇల్లు వెచ్చగా ఉందని నమ్మి ఫర్నేస్‌ను ఆపేస్తోంది. ఆ అమ్మాయిలు ఇంట్లో ఉండి, మెలకువగా ఉండి, చదువుకోవలసిన గంటలన్నీ అవే.

దీపం కొండెక్కేదాకా అక్కడే నిలబడ్డాను. వత్తులు కొండెక్కిన పావుగంటలో ఫోనులో అంకె పద్నాలుగుకు దిగింది. గీత నిట్టనిలువుగా పడింది. మూడు నెలల పాటు "కిటికీ" అని నేను రాసిన గీత అదే. తరవాత బేస్‌మెంట్‌లో ఫర్నేస్ అంటుకున్న చప్పుడు వినిపించింది.

మా ఆవిడకు చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు. "దీపం వల్ల ఇల్లు చల్లబడుతుందా ఎక్కడైనా?" అంది. పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ, పచ్చ పెన్సిల్ చుట్ల దగ్గర ఆగింది.

"ఇవేమిటి?"

"గీత బాగున్న రోజులు. ఎందుకో ఆ నాలుగైదు రోజులు బుద్ధిగా ఉండేవాళ్లు."

నవంబరు చూసింది. డిసెంబరు చూసింది. జనవరి చూసింది. కళ్లజోడు తీసేసింది.

"ఏమండీ, ఇవి అమ్మాయి దీపం పెట్టకూడని రోజులు. నెలనెలా అవే తేదీలు అటూఇటూగా ఉన్నాయి. రెండో పిల్ల ఎలాగూ పెట్టదు. ముగ్గురు అక్కచెల్లెళ్లతో ఒకే ఇంట్లో పెరిగారు, నలభై ఏళ్లు నాతో కాపురం చేశారు, ఇది చూసి మీకు తట్టలేదా?"

తట్టలేదు. తప్పెక్కడుందో మూడు నెలల పాటు నా పుస్తకమే, నా చేతిరాతలోనే, పచ్చ చుట్టు గీసి మరీ చూపించింది. మిల్లులో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు ఇలాంటి పొరపాటు చేసి ఉంటే, కొలత పరికరం కింద మంట పెట్టి ఆపరేటర్‌ను అబద్ధాలకోరు అని ఉంటే, అతన్ని నేను ఆ పూటే ఇంటికి పంపేవాణ్ణి.

"గోడ దగ్గర కొంచెం నయం అని రాసింది కదండీ," అంది మా ఆవిడ పుస్తకం మూసి. "నేను మురిసిపోయాను. నేనూ ఒకదాన్ని."

మర్నాడు పొద్దున అరను విప్పి ఎదుటి గోడకు మార్చాను. దిక్కు గురించి మా ఆవిడ ఒక్క మాట అనలేదు. తరవాత ఆ అమ్మాయికి ఫోను చేశాను. తీస్తుందనుకోలేదు. తీసింది. వచ్చి కలుస్తామంటే, కారణం అడగకుండా, అడ్రసు పంపింది.

కారులో నలభై నిమిషాలు పట్టింది. బస్సులో అయితే రెండు మారి గంటన్నర పడుతుందట. ఒక పంజాబీ ఆవిడ ఇంటి బేస్‌మెంట్. అందులో ఐదుగురు అమ్మాయిలు. కింద దిగగానే నాకు మొదట తెలిసింది వెచ్చదనం. రెండో అమ్మాయి పనికి వెళ్లింది. కరీంనగర్ అమ్మాయి మాకు కుర్చీలు వేసి, తను మంచం అంచున కూర్చుంది. టీ పెట్టింది. మా ఆవిడ మోకాళ్ల నొప్పి గురించి అడిగింది. చదువు ఎలా సాగుతోందని మేం అడిగాం.

"రెండు ల్యాబులు వదిలేసిన ఆంటీ. ఎనిమిదికి అందుకుంటలేను. మళ్ల సెప్టెంబర్ల కట్టి చదవాలె."

అక్కడ నేను చెప్పవలసింది చెప్పాను. దీపం, పెట్టె, గీత, అన్నీ ఒక క్రమంలో చెప్పాను. అచ్చువేసిన కాగితాలు తీయబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ అమ్మాయి అంతా విని, ఒక్కసారి చిన్నగా నవ్వింది.

"అంటే రోజు నేనే హీటు బంద్ చేసుకున్ననన్నట్టు."

"నువ్వు కాదమ్మా," అన్నాను. "ఆ అర అక్కడ బిగించింది నేను. దీపం పెట్టమన్నది మేం. చలేస్తోందని నువ్వు చెప్తే వినకపోయింది నేను."

తిరిగి వచ్చేయమని అడిగాను. చదువు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఉండవచ్చునన్నాను. థర్మోస్టాట్ వాళ్ల చేతికే ఇస్తానన్నాను. నిబంధనల కాగితం ఉండదన్నాను.

"వద్దు అంకుల్. కోపంతోని అంటలేను. ఇక్కడ చలేస్తుందంటే ఆంటీ కిందికొచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తది. చూసి, పెంచుతది. ఎంత ఉంది అని అడగదు." ఆగి, మళ్లీ అంది: "అక్కడుంటే నేనేమన్న చెప్పేముందు భయమైతది. ఇది నమ్ముతరా లేదా అని."

మా ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను పోయిన సెమిస్టర్ విషయంలో ఏమైనా సాయం చేయనివ్వమన్నాను. దానికీ వద్దంది. తరవాత టీ గ్లాసు కింద పెట్టి, ఒకటి అడగమంటారా అంది.

"ఆ నోటీసుల నేను అబద్ధం చెప్పిన అని ఉంది అంకుల్. ఇక్కడ రూము కోసం వచ్చినప్పుడు పాత ఓనర్ లెటర్ ఏమన్న ఉందా అని అడిగిండ్రు. నా దగ్గర అదొక్కటే ఉండె. చూపియ్యలేదు. లేదని చెప్పిన. నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. మీరు వేరే కాగితం రాసిస్తరా?"

మంచం పక్కన ఆమె చదువుకునే బల్ల ఉంది. ఆమె నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం తీసి ఇచ్చింది. నా జేబులో పెన్ను ఉంటుంది. ఎక్కడ చూపించినా పనికొచ్చేట్టు ఇంగ్లీషులోనే రాశాను. ఆ అమ్మాయి నా ఇంట్లో ఉన్న ఐదు నెలల్లో నిబంధనలన్నీ పాటించిందని, ఇల్లు చల్లగా ఉందని ఆమె చెప్పినది నిజమని, తప్పు నా పరికరానిదీ నాదీ అని, ముందు ఇచ్చిన నోటీసును పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఎన్నో రిపోర్టులు రాసినవాణ్ణి. ఆ నాలుగు వాక్యాలకు అరగంట పట్టింది.

ఆమె తీసుకుని మెల్లగా, పెదవులు కదుపుతూ చదివింది. తిరిగి నా ముందు పెట్టింది.

"నేనొక్కదాన్నే కాదు అంకుల్. ఇద్దరం అని రాయండి. అది కూడ చలికి మస్తు పరేషాన్ అయింది."

ఇంకో కాగితం తీసుకుని మళ్లీ మొదటినుంచి రాశాను. ఈసారి చదివి, తల ఊపింది. మడవబోయి ఆగింది.

"తేదీ వేయలేదు అంకుల్."

నేను జీవితంలో తేదీ వేయకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఎంత ఆలోచించినా ఆ రోజు ఎన్నో తారీఖో నాకు గుర్తు రాలేదు. ఆమెనే అడిగాను. చెప్పింది. చెప్పినట్టే వేశాను.